పరాయి యంత్రమున స్వభాష: పెన్‌డ్రైవు నిర్వహణవ్యవస్థల చరిత్రలో తెలుగు

1. ప్రస్తావన

హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున ఎల్.బి.నగరు కూడలి కలదు. సూర్యాపేట, విజయవాడల నుండి వచ్చు రహదారియు, నాగార్జునసాగరము నుండి వచ్చు రహదారియు నగరమును చేరుకొనునది ఇచటనే. ఈ మార్గముల వెంట చదువునకై వచ్చు విద్యార్థులలో పెక్కుమందికి మొదటి విడిది దిల్‌సుఖ్‌నగరు, చైతన్యపురి, గడ్డిఅన్నారము ప్రాంతములే. గడ్డిఅన్నారము 2007 ఏప్రిలు వరకు ప్రత్యేక పురపాలక సంఘముగా నుండి, ఆ నెలలో బృహత్ హైదరాబాదు నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు ఎల్.బి.నగరుతో పాటు అందు విలీనమైనది. ఆ పేరు వినగనే సామాన్యజనులకు స్ఫురించునది 2021 వరకు కొత్తపేటలో నడచిన పండ్ల మార్కెట్టు. విద్యార్థి లోకమునకు మాత్రము ఇది హాస్టళ్ళకును, కోచింగు సెంటర్లకును పేరువడసిన పేట. 2000 తరువాతి దశాబ్దమున ఇంటర్నెట్టు కేంద్రములకును పేరువడసినదే.

ఇట్టి పేటలో కంప్యూటరు నేర్చిన తరములోని పలువురకు యంత్రము స్వంతము కాదు. శిక్షణాలయమున ఒక యంత్రము, ఇంటర్నెట్టు కేంద్రమున మరియొక యంత్రము, మిత్రుని గదిలో ఇంకొక యంత్రము. ఎచట కూర్చున్నను అది పరులదే. యంత్రము పరులదైనప్పుడు దానిలోని వ్యవస్థయు పరులదే, ఆ వ్యవస్థలోని భాషయు పరులు నిర్ణయించినదే. ఈ స్థితికి ప్రతిక్రియగా సాంకేతిక లోకమున పుట్టిన ఉపాయము, నిర్వహణవ్యవస్థను జేబులో పెట్టుకొనిపోయి పరాయి యంత్రమునందు నడుపుకొనుట. ఆపరేటింగు సిస్టము అని వాడుకలో నున్న నిర్వహణవ్యవస్థ సాధారణముగా యంత్రములోని హార్డ్‌డిస్కున స్థిరనివాస మేర్పరచుకొనును. పెన్‌డ్రైవు నుండి నడచునది అట్లు కాక, యజమాని డిస్కును తాకకయే యంత్రపు మెదడును, జ్ఞాపకశక్తిని, తెరను, కీబోర్డును కొంతసేపు ఎరవు పుచ్చుకొనును.

ఇది యంత్రశాస్త్ర విషయము గదా, తెలుగు శాఖవారి పత్రికలో దీనికి తావేమి యని చదువరులు శంకింపవచ్చును. ముద్రిత గ్రంథము తనకు తాను సంపూర్ణము. దానిని చదువుటకు కన్ను, వెలుతురు చాలును. కంప్యూటరులోని తెలుగు పాఠము అట్టిది కాదు. సంకేతములను అక్షరములుగా కూర్చు వ్యవస్థ తోడు లేనిచో అది పాఠమే కాదు. కావున తెలుగు పాఠము ఒక యంత్రము నుండి మరియొక యంత్రమునకు పోవలెనన్న దానితోపాటు దానిని చదువగల వ్యవస్థయు పోవలసియుండెను. సంచార నిర్వహణవ్యవస్థల చరిత్రను ఈ దృష్టితో పరిశీలించి, అందు నిర్ణాయకమైనది సంచారము కాదనియు, నిలుకడ యనియు నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

2. ఫ్లాపీ కాలము: సంచారమే తొలి పద్ధతి

వ్యవస్థను వెంట తీసికొనిపోవుట క్రొత్త కల్పన యని తలచుట పొరపాటు. 1981 ఆగస్టున ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన తొలి వ్యక్తిగత కంప్యూటరునందు హార్డ్‌డిస్కు లేనేలేదు. డాస్ అను నిర్వహణవ్యవస్థ 160 కిలోబైట్ల ఫ్లాపీ పళ్ళెముపై నుండెడిది. ఆ పళ్ళెమును యంత్రమున నుంచి మీట నొక్కినప్పుడే యంత్రము మేలుకొనెడిది. పళ్ళెము ఎవరిదో వ్యవస్థ వారిది. 1983 మార్చిలో వెలువడిన ఎక్స్.టి. నమూనాతో 10 మెగాబైట్ల హార్డ్‌డిస్కు యంత్రములోని అంగమైనది. అంతట వ్యవస్థ పళ్ళెమును విడిచి పెట్టెలో స్థిరపడినది. నాటి నుండి యంత్రమునకు యజమాని యెవరో వ్యవస్థకును అతడే యజమాని యాయెను. ఇరువది యేండ్ల పిదప పెన్‌డ్రైవు చేసినది ఈ మార్పును వెనుకకు త్రిప్పుటయే.

ఐనను ఫ్లాపీ కాలపు సంచారము వలన తెలుగునకు ఒనగూడిన మేలు స్వల్పము. డాస్ వ్యవస్థకు రోమను అక్షరములు తప్ప వేరు తెలియవు. కాన్పూరులోని ఐ.ఐ.టి.లో మొదలై, పిమ్మట పుణెలోని సి-డాక్ సంస్థచే అభివృద్ధి పొందిన జిస్ట్ పరిజ్ఞానము ఈ లోపమును ఒక విధముగ తీర్చినది. జిస్ట్ కార్డు అను ఫలకమును యంత్రములో అమర్చినచో డాస్‌లోని కార్యక్రమములందు తెలుగు మొదలగు భారతీయ లిపులు తెరపై కనబడెడివి. ఇది నిస్సంశయముగ ఘనకార్యమే. కాని దాని పర్యవసానమును గమనింపవలెను: వ్యవస్థ ఫ్లాపీపై ప్రయాణము చేయుచుండగా, తెలుగు అక్షరము మాత్రము పెట్టెలోని ఫలకమునందు బందీగా నుండిపోయెను. ఫలకము లేని యంత్రమునకు పాఠమును కొనిపోయిన యెడల అది నిరర్థక సంకేతముల రాశి.

3. అక్షరము, ఆకృతి: తెలుగు పాఠము ఎచట నుండును?

తరువాతి కాలమున విండోస్ వ్యవస్థతోపాటు ఫాంట్లు ప్రచారమునకు వచ్చినవి. డి.టి.పి. కేంద్రములయందు వాడుకకెక్కిన అను మొదలగు ఫాంట్లతో తెలుగు గ్రంథములు, పత్రికలు, పెండ్లి శుభలేఖలు అసంఖ్యాకముగ ముద్రితమైనవి. ఈ ఫాంట్ల మర్మమేమనగా, ఒక బైటునకు గల 256 స్థానములలో తెలుగు ఆకృతులను, అనగా తలకట్టులను, గుడులను, ఒత్తులను, అక్షర శకలములను ఇముడ్చుట. యంత్రము దృష్టిలో ఆ పాఠము తెలుగు కాదు. రోమను అక్షరములు, ఇతర చిహ్నములు కలగలిసిన వరుస మాత్రమే. ఫాంటు తోడున్నంత వరకు తెలుగుగా కనుపట్టును, తొలగినంతనే అర్థరహితమగును. ఒక ఫాంటులో కూర్చినది మరియొక ఫాంటులో పనికిరాదు. ఆ దశకముననే రైస్ విశ్వవిద్యాలయమునందు కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్‌లు రూపొందించిన రోమను లిప్యంతరీకరణ పద్ధతి ప్రవాసాంధ్రులలో వ్యాప్తి చెందుటకు ఒక కారణమిదియే. రోమను అక్షరము ఏ యంత్రమునకైనను తెలియును. తెలుగక్షరము తన ప్రయాణమునకై వేషము మార్చుకొనవలసివచ్చెను.

ఆకృతికి గాక అక్షరమునకు సంకేతము నొసగు మార్గమును 1991లో రెండు ప్రమాణములు స్థిరపరచినవి. వాటిలో ఒకటి ఇస్కీ యనబడు భారతీయ ప్రమాణము. రెండవది యూనికోడ్ తొలి సంపుటము. యూనికోడ్‌లో తెలుగునకు 128 స్థానములు గల ఖండ మేర్పడినది. దీని పద్ధతిని 'స్త్రీ' అను పదముతో విశదపరుపవచ్చును. కంటికిది ఒకే అక్షరము. యూనికోడ్‌లో ఇది సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, దీర్ఘపు గుడి యను ఆరు సంకేతముల వరుస, యు.టి.ఎఫ్-8 రూపమున 18 బైట్లు. ఈ ఆరింటిని చదివి, సకారము క్రింద తకారపు ఒత్తును, ప్రక్కన క్రారవడిని, పైన గుడిని చేర్చి ఒక ఆకృతిగా కూర్చు పని యంత్రమున నుండు వేరొక సాధనముది. విండోస్‌లో దానికి యూనిస్క్రైబ్ అనియు, గ్నోమ్ రంగస్థలమున పాంగో అనియు పేర్లు. మన వ్యాకరణ సంప్రదాయమున వర్ణమునకును లిపికిని గల భేదము ఎట్టిదో, సంకేతమునకును ఆకృతికిని గల భేదము దాదాపు అట్టిదే.

ఇక్కడ పరాయి యంత్రపు సమస్య స్పష్టమగును. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్.పి.లో తెలుగునకు గౌతమి యను ఫాంటును, కూర్పు సాధనమును చేర్చిరి. ఐనను సంశ్లిష్ట లిపుల నిమిత్తమైన దస్త్రములు సామాన్య స్థాపనలో చేరెడివి కావు. కంట్రోల్ ప్యానెల్‌నకు పోయి, వాటిని ప్రత్యేకముగ కోరి, అవసరమగుచో స్థాపన సి.డి.ని యంత్రమున నుంచి ఎక్కించుకొనవలెను. అందులకు యంత్రముపై నిర్వాహకాధికార ముండవలెను. గంటకు రుసుము చెల్లించి కూర్చున్న విద్యార్థికి సి.డి. లేదు, అధికారము లేదు. కావున యూనికోడ్ తెలుగు పుట నాతడు తెరచినను, తెరపై కనబడునవి చదరపు డబ్బాలు, లేదా ఒత్తులు విడిపోయిన అక్షరములు. ప్రమాణమున్నది, పాఠమున్నది, ఫాంటున్నది. ఐనను చదువుటకు యజమాని అనుమతి కావలసియున్నది.

4. సి.డి.: అనుమతి లేని తెలుగు

యజమాని డిస్కును తాకక పూర్తి వ్యవస్థను నడుపు మార్గము మొదట సి.డి. వలన సాధ్యమైనది. లినక్స్ కెర్నెలు 1991లో పుట్టగా, మరుసటి యేట యిగ్‌డ్రాసిల్ అను లినక్స్ సంకలనము సి.డి. నుండియే నడచు రూపమున వెలువడినది. 1995లో ఫీనిక్స్, ఐ.బి.ఎం. సంస్థలు ఎల్ టోరిటో అను ప్రమాణమును ప్రకటించుటతో, యంత్రము ఫ్లాపీ సాయము లేకయే సి.డి. నుండి మేలుకొనుటకు మార్గ మేర్పడినది. 2000లో జర్మనీ దేశీయుడగు క్లాస్ క్నాపర్ క్నాపిక్స్ అను సంకలనమును వెలువరించెను. దాదాపు రెండు గిగాబైట్ల సామగ్రిని అణచి 700 మెగాబైట్ల సి.డి.లో ఇముడ్చుటయు, యంత్రములోని అంగములను తనంతట తాను గుర్తించుటయు దాని విశిష్టత. లైవ్ సి.డి. అను మాట లోకమున వ్యాపించుటకు క్నాపిక్స్ ముఖ్యకారణము.

మన దేశమున లినక్స్ సి.డి.లు విద్యార్థుల చేతికి వచ్చిన దారులలో ముఖ్యమైనవి పత్రికలు. పి.సి.క్వెస్ట్ మాసపత్రిక 1996 నుండి తన సంచికతోపాటు లినక్స్ సి.డి.లను పంచిపెట్టినది. ఇంటర్నెట్టు మందగతిన నున్న ఆ రోజులలో 700 మెగాబైట్లను దింపుకొనుట అసాధ్యప్రాయము. పత్రికతో వచ్చిన సి.డి. ఒకరి నుండి ఒకరికి చేరుట, ప్రతులు తీయబడుట సహజము. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు నియమములు అట్టి ప్రతులను నిషేధింపవు సరికదా, ప్రోత్సహించును. తాళపత్ర గ్రంథములు ఎరవు తెచ్చి వ్రాసికొనుటకు అలవడిన జాతికి ఈ పద్ధతి వింత కాదు.

ఈ వాతావరణమున తెలుగునకు వలయు సామగ్రి ఒక్కొక్కటిగా సమకూడినది. రెడ్ హ్యాట్ సంస్థ 2004లో లోహిత్ పేరిట భారతీయ లిపుల ఫాంట్లను స్వేచ్ఛా నియమములతో విడుదల చేసెను. వాటిలో తెలుగు ఒకటి. కెనడాలో నివసించిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు కూర్చిన పోతన, వేమన ఫాంట్లు ఉచితముగ లభించెను. గ్నోమ్, కె.డి.ఇ. మొదలగు రంగస్థలముల మెనూలను స్వచ్ఛంద కార్యకర్తలును, సంస్థల ఉద్యోగులును తెలుగు చేసిరి. ఈ కృషికి హైదరాబాదులో వచ్చిన ప్రముఖ ఫలము 2005లో వెలువడిన 'స్వేచ్ఛ' అను తెలుగు నిర్వహణవ్యవస్థ. అది గ్ను/లినక్స్‌పై ఆధారపడినది. స్వచ్ఛంద కార్యకర్తలు నిర్మించినది. దాని పేరే సంస్థకును పేరైనది. తరువాత ఆ సంస్థ బడిపిల్లల కొరకు 'బాల స్వేచ్ఛ'ను, ఇంజనీరింగు విద్యార్థుల కొరకు 'ఇ-స్వేచ్ఛ'ను సంకల్పించినది. కేంద్ర ప్రభుత్వ పక్షమున సి-డాక్ సంస్థ చెన్నైలో రూపొందించిన బాస్ లినక్స్ 2007లో వెలువడి, తెలుగుతో సహా పలు భారతీయ భాషలకు స్థానము కల్పించినది.

ఇట్టి వ్యవస్థ సి.డి. నుండి నడచినప్పుడు ఫాంటు, కూర్పు సాధనము, కీబోర్డు పటము, మెనూల భాష అన్నియు ఒక్కటిగా వచ్చును. యజమాని విండోస్‌లో తెలుగున్నదా లేదా యను ప్రశ్నయే పుట్టదు. తెలుగు పాఠము తనను చదువగల వ్యవస్థను తానే వెంటబెట్టుకొని పరాయి యింట అడుగిడినది. జిస్ట్ కార్డు కాలపు బంధనము ఈ విధముగ విడిపోయెను.

కాని లోప మొకటి మిగిలినది. సి.డి. పై వ్రాయుట కుదరదు. విద్యార్థి గంటసేపు శ్రమించి తెలుగున వ్రాసిన పుట, మార్చుకొన్న కీబోర్డు అమరిక, నిఘంటువున చేర్చుకొన్న పదము, ఇవన్నియు యంత్రపు తాత్కాలిక స్మృతియందే యుండి, మీట కట్టగనే మాయమగును. ఫ్లాపీపై ఏదో ఒక దస్త్రమును దాచుకొనవచ్చునే గాని వ్యవస్థ మాత్రము ప్రతిదినము పుట్టుచు ప్రతిదినము గతించుచు నుండును. రుచి చూచుటకు ఇది చాలును. కాపురము చేయుటకు చాలదు.

5. పెన్‌డ్రైవు: మూలమును, పై పొరయు

ఈ లోపమును తీర్చినది పెన్‌డ్రైవు. 2000లో సింగపూరునకు చెందిన ట్రెక్ సంస్థయు, ఇజ్రాయెలునకు చెందిన ఎం-సిస్టమ్స్ సంస్థయు ఇట్టి సాధనములను విపణికి తెచ్చెను. వాటి తొలి పరిమాణము 8 మెగాబైట్లు. స్వేచ్ఛ వంటి వ్యవస్థను అందుంచుట ఊహకందని విషయము. ఆ యేడే ప్రకటితమైన యు.ఎస్.బి. 2.0 ప్రమాణము, సెకనుకు 12 మెగాబిట్లుగా నుండిన గరిష్ఠ వేగమును 480 మెగాబిట్లకు పెంచుటతో, వ్యవస్థను ఆ ద్వారము నుండి నడుపుట ఆచరణయోగ్యమైనది. పరిమాణము పెరుగుచుండగా, 50 మెగాబైట్లలోపే పూర్తి రంగస్థలమును ఇమిడ్చిన డామ్ స్మాల్ లినక్స్, పప్పీ లినక్స్ వంటి చిరు సంకలనములు 2003 ప్రాంతమున వెలువడి దారి చూపినవి.

నిలుకడ సాధించిన విధానమును మన విద్యార్థులు తేలికగ గ్రహింపగలరు. పెన్‌డ్రైవులో వ్యవస్థ రెండు పొరలుగ నుండును. క్రింది పొర అణచి పెట్టిన మూలము. దానిని ఎవరును మార్పజాలరు. పై పొర ఖాళీగా నుండి వ్రాతకు అనువైనది. చదువునప్పుడు వ్యవస్థ మొదట పై పొరను చూచును. అచట లేనిది మూలము నుండి గైకొనును. మూలములోని దస్త్రము నొకదానిని సవరింపదలచినచో, దాని ప్రతిని పై పొరకు తెచ్చి, ఆ ప్రతియందే సవరణ చేయును. మూలపాఠమును ముట్టక వ్యాఖ్యాత తన పాఠాంతరములను వేరు పత్రమున వ్రాసికొనుట వంటి దిది. పై పత్రమును తొలగించినచో మూలము యథాతథముగ బయటపడును. ఇట్టి పొరలను ఏకముగ జూపు పద్ధతులు పలు రూపములు దాల్చి, తుదకు ఓవర్‌లే యను పేర 2014 డిసెంబరున లినక్స్ కెర్నెలులోనే భాగమైనవి.

పై పొర పెన్‌డ్రైవునందు స్థిరముగ నిలుచు ఏర్పాటు సామాన్యులకు అందుబాటులోనికి వచ్చిన సంవత్సరము 2008. ఆ యేడు మే నెలలో ఫెడోరా 9 ఈ సౌకర్యముతో వెలువడినది. అక్టోబరున వచ్చిన ఉబుంటు 8.10లో పెన్‌డ్రైవును సిద్ధము చేయు సాధనమును చేర్చిరి. 2009లో షుగర్ ల్యాబ్స్ బడిపిల్లల నిమిత్తమై 'షుగర్ ఆన్ ఎ స్టిక్' అను రూపమును వెలువరించెను. ప్రతి పిల్లవానికి యంత్రము నీయలేని చోట ప్రతి పిల్లవానికి వ్యవస్థనైనను ఇయ్యవచ్చునను భావము దానికి మూలము. మైక్రోసాఫ్ట్ సంస్థ సైతము 2012లో విండోస్ 8తో 'విండోస్ టు గో' పేర ఇట్టి సౌకర్యమును పెద్ద సంస్థల కొరకు ప్రవేశపెట్టి, 2020లో ఉపసంహరించుకొన్నది.

ఈ నిలుకడకును పరిమితులు గలవు. చౌక పెన్‌డ్రైవు సామాన్యముగ దస్త్రములను మోయుటకు తగినదే గాని, ఎడతెగక చిన్న చిన్న వ్రాతలు చేయు వ్యవస్థకు నెలవుగా నుండుటకు కల్పింపబడలేదు. దాని కణములు నిర్ణీత సంఖ్యలో వ్రాతలను మాత్రమే ఓర్చును. ఫ్యాట్32 పద్ధతిలో సిద్ధపరచిన పెన్‌డ్రైవున ఏ దస్త్రమును 4 గిగాబైట్లను మించరాదు, కావున ఒకే దస్త్రముగ దాచిన పై పొరకును అదే హద్దు. మీట కట్టక ముందే పెన్‌డ్రైవును ఊడబెరికినచో పై పొర చెడి, దానితోపాటు విద్యార్థి వ్రాతయు నశింపవచ్చును. నిలుకడ లభించినది గాని, అది జాగరూకతకు లోబడిన నిలుకడ.

6. ద్వారపాలకులు

పెన్‌డ్రైవు నుండి మేలుకొనుటకు యంత్రమే సమ్మతింపవలెను. యంత్రమున మొట్టమొదట కదలు బయోస్ అను కార్యక్రమము ఏ ద్వారమున వ్యవస్థను వెదకవలెనో నిర్ణయించును. పాత యంత్రముల బయోస్‌లు యు.ఎస్.బి. ద్వారమునే ఎరుగవు, అట్టిచోట సి.డి.తో మేలుకొలిపి, పిదప పెన్‌డ్రైవునకు పని నప్పగించు ఉపాయమును వాడిరి. క్రొత్త యంత్రములలో యజమాని సంకేతపదముతో ద్వారమును బంధింపవచ్చును. 2012 నుండి విండోస్ 8 ముద్రగల యంత్రములయందు సెక్యూర్ బూట్ వచ్చి, గుర్తింపు పొందిన సంతకము లేని వ్యవస్థను గడప దాటనీయలేదు. ఉబుంటు, ఫెడోరాలు త్వరలోనే అట్టి సంతకమును సంపాదించినవి. డెబియన్‌నకు ఆ సౌకర్యము 2019లో వచ్చిన పదియవ కూర్పుతో లభించెను. చిన్న బృందములు కూర్చు దేశభాషా సంకలనములకు ఈ సంతకము క్రొత్త భారమైనది.

యజమాని ద్వారము మూయుటకు చట్టపరమైన కారణమును గలదు. 2011 ఏప్రిలున కేంద్ర ప్రభుత్వము సైబర్ కేఫ్‌ల నియమములను ప్రకటించెను. వచ్చినవారి గుర్తింపుపత్రమును పరిశీలించుట, వారి పేర్లను, చూచిన వెబ్‌సైట్ల చరిత్రను ఒక సంవత్సరము భద్రపరచుట, గదుల అడ్డుగోడలు నాలుగున్నర అడుగులు మించకుండుట మొదలగునవి అందు విధింపబడినవి. 2013 ఫిబ్రవరి 21న బాంబు ప్రేలుళ్ళకు గురియైన దిల్‌సుఖ్‌నగరు వంటి చోట ఇట్టి నియమములను తేలికగ తీసికొనుట ఎవరికిని సాధ్యము కాదు. విద్యార్థి తన పెన్‌డ్రైవుతో యంత్రమును మేలుకొలిపినచో, కేంద్రపు డిస్కున నెలకొన్న జాబితా కార్యక్రమము నిద్రించుచునే యుండును. వలయంత్రాంగమున పెట్టిన లెక్క మాత్రమే మిగులును. యజమాని దృష్టిలో ఇది తన విధికి భంగము.

విద్యార్థి దృష్టియు న్యాయమైనదే. ఎవరెవరో కూర్చుండిపోయిన యంత్రమున మీటలను దొంగచాటుగ నమోదు చేయు కార్యక్రమము ఉండవచ్చును. స్వంత వ్యవస్థతో మేలుకొన్నప్పుడు ఆ ప్రమాదము చాలవరకు తొలగును. కీబోర్డు తీగకే తగిలించిన సాధనములను మాత్రము పెన్‌డ్రైవు అడ్డుకొనజాలదు. ఈ రెండు న్యాయముల నడుమ తెలుగు చిక్కుకొన్నది. ఎవరును తెలుగును నిషేధింపలేదు. పరాయి వ్యవస్థను నిషేధించిరి. తెలుగు ఆ పరాయి వ్యవస్థలో నివసించుట చేత దానితోపాటు గడప వెలుపల నిలిచినది.

పిమ్మట పరిస్థితి మారెను. విండోస్ విస్టా మొదలు తెలుగు కూర్పు ప్రత్యేకముగ కోరకయే లభించెను. 2016 తరువాత చౌక ఇంటర్నెట్టుతో స్మార్టుఫోన్లు వ్యాపించి, తెలుగు చదువుటకును వ్రాయుటకును ఇంటర్నెట్టు కేంద్రముపై ఆధారపడు నవసరము తగ్గినది. పాఠము చదువబడుటకు వ్యవస్థను మోయవలసిన అగత్యము తీరినది. ఐనను ఫోనునందలి వ్యవస్థను వినియోగదారుడు మార్చుకొనుట దుష్కరము. దాని మెనూలలో ఏ తెలుగు పదముండవలెనో నిర్ణయించునది దూరమందలి సంస్థ. ఈ భేదమును తెలుగు పరిశోధకులు విస్మరింపరాదు.

7. మెనూల తెలుగు

స్వేచ్ఛా వ్యవస్థల అనువాదములు భాషాచరిత్రకు సాక్ష్యములు. ఫైలునకు 'దస్త్రం', ఫోల్డరునకు 'సంచయం', పాస్‌వర్డునకు 'సంకేతపదం', క్యాన్సిలునకు 'రద్దుచేయి' అను మాటలు వాటియందు కానవచ్చును. దస్త్రము గ్రామ కరణముల లెక్కల కట్టకు పేరుగా తెలుగున నాటుకొన్న అన్యదేశ్యము. రద్దు ఉర్దూ నుండి వచ్చి కచేరీలలో స్థిరపడినది. సంచయము, సంకేతము తత్సమములు. పాత పరిపాలనా పదజాలమును సంస్కృతమును కలిపి క్రొత్త యంత్రమునకు పేర్లు కూర్చిన అనువాదకుల మార్గము, పారిభాషిక పద నిర్మాణ చర్చలలో పరిశీలింపదగినది.

క్రియల తీరును గమనింపదగును. వినియోగదారుడు యంత్రము నాజ్ఞాపించు చోట 'తెరువు', 'భద్రపరచు' వంటి ఏకవచన రూపములు సాధారణముగ వాడబడును. యంత్రము వినియోగదారునితో పలుకు చోట 'ప్రవేశపెట్టండి', 'ఎంచుకొనండి' యని మర్యాద బహువచనము వచ్చును. ఆంగ్లమున ఈ రెండును ఒకే రూపము. తెలుగు చేయుటతో యంత్రము సేవకుడును, మనుష్యుడు యజమానియు నైన సంబంధము వ్యాకరణమునకెక్కినది. మూలమున లేని ఈ నిర్ణయమును అనువాదకుడు చేయక తప్పలేదు.

ఈ సాక్ష్యము వెబ్బు పుటలయందు గాక ఆయా సంవత్సరముల సంకలనముల లోపల నున్నది. కూర్పు కూర్పునకు పదములు మారినవి. క్రొత్తది వచ్చినంతనే పాతదానిని వాడుక నుండి తొలగించుట ఈ రంగపు ఆచారము. మార్పజాలని క్రింది పొర గల లైవ్ ప్రతి మాత్రము నాటి పదములను నాటి ఫాంటుతో, నాటి కీబోర్డుతో సహా యథాతథముగ నిలిపియుంచును. నిలుకడ లేకపోవుట వాడువానికి లోపమైనను, చరిత్రకారునికి గుణమైనది.

8. ఉపసంహారము

పై పరిశీలన వలన తేలినవి మూడు విషయములు. మొదటిది, వ్యవస్థను వెంట గొనిపోవుట ఫ్లాపీ కాలము నాటి పద్ధతియే. హార్డ్‌డిస్కు దానిని మాన్పగా పెన్‌డ్రైవు పునరుద్ధరించినది. రెండవది, యూనికోడ్ ప్రమాణము పుట్టినను, దానిని కూర్చు సాధనము అన్ని యంత్రములకు చేరనంతవరకు, తెలుగు పాఠమునకు స్వంత వ్యవస్థ తోడు కావలసియుండెను. ఆ నడిమి కాలమున, అనగా సుమారు 2001 నుండి తరువాతి పదియేండ్లలో, యంత్రము లేని విద్యార్థికి లైవ్ సి.డి., పెన్‌డ్రైవులు తెలుగు యంత్రములే యైనవి. మూడవది, సంచారము సి.డి.తోనే సిద్ధించినను, వ్రాసినది నిలువనంతకాలము అది ప్రదర్శనయే. నిలుకడ వచ్చిన పిదపనే వ్యవస్థ వాడుకరిదైనది.

ఇందుండి తెలుగు శాఖలకు కర్తవ్యము తోచుచున్నది. 2005 నాటి స్వేచ్ఛ మొదలు తెలుగు గల సంకలనములన్నిటి పూర్తి ప్రతిబింబములను సేకరించి, బైటు మార్పు లేదని నిర్ధారించు సంఖ్యాముద్రతో సహా గ్రంథాలయములలో భద్రపరచవలెను. నేటి యంత్రమున కల్పిత యంత్రము నేర్పరచి వాటిని మరల నడపవచ్చును. పాత పెట్టెలు వెదకనక్కరలేదు. పూర్వపు ఫాంట్లలో కూర్చిన గ్రంథముల దస్త్రములను యూనికోడునకు మార్చునప్పుడు మూలదస్త్రమును, దాని ఫాంటును పారవేయరాదు. పరివర్తనలో దొరలిన తప్పును సరిచూచుటకు మూలమే శరణ్యము. మెనూల పదములను సంవత్సరముల వారీగా పట్టికలుగా కూర్చినచో, కంప్యూటరు తెలుగునకు తొలి చారిత్రక నిఘంటువునకు పునాది యేర్పడును. సి.డి.ల పూత చెడుచున్నది, పెన్‌డ్రైవుల కణములు ఆవేశమును కోల్పోవుచున్నవి. తాటియాకు పురుగునకు ఆహారమగుటకు నూరేండ్లు పట్టవచ్చును. వీటికి అంత గడువు లేదు. పరిశోధక విద్యార్థులు ఈ సేకరణకు వెంటనే పూనుకొనవలసియున్నది.